నాలుగో లేన్‌లో సాలు

మోషే అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌కు వాచ్‌మన్. పొద్దున్నే గేటు తీసి, లాన్‌కు నీళ్లు పెట్టి, స్విమ్మింగ్ పూల్‌లో రాలిన ఆకుల్ని వల గంటెతో తీసేవాడు. అప్పటికే ఆయన బిడ్డ సమత నీళ్లలో ఉండేది. ఓనర్లు శని, ఆదివారాలే వస్తారు కాబట్టి మిగతా రోజులు పూల్ ఆమెదే.

సమత ఈదిన చోట నీళ్లలో సాలు పడేది. నాగలి దున్నినట్టు జానెడు లోతున, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. పొద్దుగూకే దాకా పూడేది కాదు. మోషే దాన్ని తప్పించి పక్కనుంచి ఆకులు తీసేవాడు. ఆ సాలులో దిగి ఈదినవాళ్లకు నీళ్లు అడ్డం రావు. అందుకే పోటీల్లో ఆమె ఈదినాక పూల్ పనివాడు బాలప్ప ఆమెను అడిగి, పొడుగు కర్రతో దాన్ని కలిపేసేవాడు. అడగడం ఆనవాయితీ. ఆమె ప్రతిసారీ కలపమనే చెప్పేది.

ఆమెది యాభై మీటర్ల ఫ్రీస్టైల్. పదిహేనేళ్లకు జిల్లాలో ఫస్ట్, పద్దెనిమిదికి రాష్ట్రంలో. ఇరవై రెండు వచ్చేసరికి కుడి భుజం చెడింది. ఎవరికీ చెప్పలేదు. ఈసారి రాష్ట్ర ఫైనల్ గెలిచినవాళ్లకు స్పోర్ట్స్ కోటాలో సర్కారు నౌకరి ఉంది. వచ్చే ఏడు ఉంటుందో లేదో తెలియదు. నొప్పి గోలీలు మింగి ఈదింది.

సాలు మాత్రం దాగలేదు. ఒకనాడు అది కుడికి వంగి కనిపించింది. చిన్నప్పుడు చేవెళ్ల దిక్కు అరక దున్నిన మోషే గట్టు మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"కుడి ఎద్దు కుంటుతున్నది బిడ్డా."

నిద్ర సరిగ్గా లేదని సమత మాట దాటేసింది. మోషే ఊరుకోలేదు. తన చేతికింద ఒక ఎద్దు గిట్లనే కుంటిందని, విత్తనం పడ్డాక ఆపుదామనుకుంటే పొలం నడుమ కూలబడి మళ్లీ లేవలేదని చెప్పాడు.

"నేను ఎద్దును కాదు బాపు," అని ఆమె లోపలికి పోయింది. నాలుగు రోజులు ఇద్దరికీ సరిగ్గా మాటల్లేవు.

పోటీల రోజు పొద్దున, ఫైనల్‌కు ఎంపిక చేసే ఆఖరి హీట్‌లో ఆమె నాలుగో లేన్‌లో ఈది ఎట్లనో మూడో టైమ్ తెచ్చుకుంది. గోడ తాకినాక చెయ్యి ఎవరిదో అన్నట్టు వేలాడింది. వెనక సాలు ముప్పై అయిదు మీటర్ల దాకా తిన్నగా ఉంది. అక్కడ కుడికి తిరిగి లేన్ల మధ్య కట్టిన తాడు దాకా పోయింది.

మధ్యాహ్నం ఫైనల్. హీట్స్‌లో అందరికన్నా ముందున్నది కావ్య కాబట్టి నాలుగో లేన్ ఇప్పుడు ఆమెది. చేవెళ్ల దిక్కు ప్రొద్దుటూరు పిల్ల, పంతొమ్మిదేళ్లు, సమత చేతిలో రెండుసార్లు వెంట్రుకవాసిలో ఓడింది. బాలప్ప కర్ర పట్టుకుని వచ్చి సాలు కలపాలా అని సమతను అడిగాడు. కావ్య గాగుల్స్ తుడుచుకుంటూ ఎటో చూసింది.

సమత టోపీ పెట్టుకోబోయింది. చెయ్యి రొమ్ము దాకా లేచి ఆగింది. మళ్లీ ప్రయత్నించింది. బాలప్ప నిలబడే ఉన్నాడు.

"ఉండనీ అన్నా," అంది చివరికి.

కావ్య దగ్గరికి పోయి మెల్లగా చెప్పింది. "ముప్పై అయిదు కాడ సాలు కుడికి వంగుతది. నా రెక్క పోయి ఆరు నెలలాయె. ఆడ బయటికి వచ్చెయ్యి, లేకుంటే తాడుకు తగుల్తవు."

"మరి నువ్వో అక్కా?"

సమత ఆఫీసర్ల టేబుల్ దగ్గరికి నడిచి, తన పేరు కొట్టేయించింది.

సమత ఈదాల్సిన మూడో లేన్ ఖాళీగా ఉంది. కావ్య సాలులో పడి జారినట్టు పోయింది. ముప్పై అయిదు దగ్గర ఒక్క ఊపున బయటికొచ్చి, మిగతా పదిహేను మీటర్లు సొంత బలంతో కొట్టింది. అరచేయంత తేడాతో గోడను ముందు తాకింది. ఆ పదిహేను మీటర్ల నీళ్లు, అందరి వెనక మూసుకున్నట్టే, ఆమె వెనకా మూసుకున్నాయి.

సమతకు సంతోషం కలగలేదు. ఆ నౌకరి తనదేననిపించింది. గ్యాలరీలోంచి మోషే దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"చెయ్యి లేస్తలేదు బాపు," అంది.

మోషే తువ్వాలు విప్పి, చంటిపిల్లకు కప్పినట్టు ఆమె భుజాల చుట్టూ కప్పాడు. అప్పుడు ఏడ్చింది.