కందిపప్పుకు ఉపోద్ఘాతం

కందిపప్పు కడిగి ఎసట్లో వేస్తుంటే మా ఆయన వంటింటి గడప దగ్గరకొచ్చి, కాలేజీలో ఇవ్వాల్సిన పరిశోధన వ్యాసానికి ఉపోద్ఘాతం రాసిపెట్టమన్నాడు. "నీకు ఇంగ్లీషు మంచిగొస్తది గద, జర పొద్దుగూకేలోపు రాయి" అన్నాడు. ఆయన బి.ఎస్సీ దాకా ఉర్దూలో చదివాడు. ఎమ్మెస్సీకి వచ్చేసరికి రాజ్యం మారి చదువంతా ఇంగ్లీషైపోయింది. నేను ఆబిడ్స్‌లో మిషన్ బడిలో చదివి, ఇంటర్ సైన్సు మధ్యలో పెళ్లయి నాంపల్లికి వచ్చినదాన్ని. నా ఇంగ్లీషు ఈ ఇంట్లో మందుసీసాల మీది కాగితాలు చదవడానికే పనికొచ్చేది.

వ్యాసం దేని మీదంటే, నాంపల్లి బావినీళ్లలో పప్పు ఎందుకు ఉడకదని. నాకు నవ్వొచ్చింది. కాపురానికొచ్చిన కొత్తలో అత్తమ్మ నన్ను ఆడిపోసుకున్నది దానికే. మా పెళ్లికి ముందు నెలే వాళ్లు సుల్తాన్ బజార్ నుంచి ఈ కిరాయి ఇంటికి మారారు. అక్కడ నల్లా, ఇక్కడ పెరటి బావి. ఇల్లూ కోడలూ ఒక్కసారే కొత్తవైతే తప్పు కోడలిదే అవుతుంది. "నీ చేతిల పప్పు సుత ఉడకది" అనేది, చుట్టాల ముందు కూడా. చాటుగా ఏడ్చేదాన్ని.

ఒకరోజు ఏడుపు చాలించి, వీధి నల్లా దగ్గర వరుసలో నిలబడి బిందెడు నీళ్లు తెచ్చాను. అదే పప్పు, అదే పొయ్యి, మెత్తగా మెదిగిపోయింది. అప్పట్నుంచి పప్పుకు రోజూ వీధి నల్లా నీళ్లే. అక్కడితో ఆగలేదు. ఇరుగుపొరుగు బావుల నీళ్లు చెంబులతో తెచ్చి, ఏ నీళ్లలో పప్పు ఎంతసేపటికి ఉడికిందో, సబ్బు నురగొచ్చిందో లేదో రెండేళ్లు నోటుబుక్కులో రాసుకున్నాను. పప్పుకు పరీక్షలేందని ఆయన నవ్వాడు. ప్రొఫెసర్ అంశం అడిగిన నాడు ఆ నోటుబుక్కే పట్టుకెళ్లి చూపించి తెచ్చాడు. ఏ నీళ్లలో ఏ లవణం ఎంతుందో తేల్చింది మాత్రం ఆయనే, అబద్ధమెందుకు.

మచ్చుకని ఆయన తెచ్చిన పాత వ్యాసాలు తిరగేశాను. ప్రతి ఉపోద్ఘాతంలోనూ ఆ సంగతిని మొదట ఎవరు గమనించారో పేరుతో సహా ఉంది. నేనూ అలాగే రాశాను. నోటితో ఎన్నడూ పలకని మా ఆయన పేరు, రామచందర్ అని, పైన రాశాను. కింద మొదటి వాక్యంలో, ఈ తేడాను మొదట గమనించింది నాంపల్లి గృహిణి నళిని అని రాశాను.

సాయంత్రం ఆయన చదివి నా పేరు మీద గీత కొట్టాడు. కోపంగా కూడా కాదు, అన్నంలో రాయి తీసేసినట్టు.

"పెండ్లాం పేరు రాస్తే ప్రొఫెసర్ నవ్వుతడు. అందరికి తెలిసిన సంగతే అని రాయి."

అందరికీ తెలిసిందే అయితే అత్తమ్మకెందుకు తెలియలేదని అడగాలనిపించింది. ఒళ్లు మండింది. రేపు మధ్యాహ్నం ఆబిడ్స్‌లో టైపు కొట్టించాలి, ఆలోపు తిరగరాసిమ్మన్నాడు. గీత కొట్టిన కాగితాన్ని నోటుబుక్కులో పెట్టి, నోటుబుక్కును నా పెట్టెలో పెట్టి తాళం వేశాను.

తెల్లవారి వీధి నల్లాకు పోలేదు. పెరటి బావిలో నీళ్లు తోడి పప్పుకు ఎసరు పెట్టాను. అన్నాలప్పుడు అత్తమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఏందే, పప్పు ఉడకలే?"

"నాకేం తెలుస్తది అత్తమ్మా" అన్నాను, మా ఆయన విస్తట్లో ఇంకో గరిటె వేస్తూ. "కనిపెట్టినోళ్లను అడుగున్రి."