కాడలంటే ఇష్టం

చార్డ్ అనే ఆకుకూర కోసేటప్పుడు బయటి ఆకులే కోయాలి, నడిమి లేత చిగురు ముట్టుకోకూడదు. అత్తయ్య నేర్పిన పద్ధతి అది. ఆవిడ పోయాక ఇదే మొదటి కోత. పెరటి మడిలో ఎర్రటి, పచ్చటి కాడల మీద ఆకులు అరచేతుల్లా విచ్చుకుని ఉన్నాయి. విత్తులు ఆవిడ వేసినవి, నీళ్లు మాత్రం నేను పోశాను.

కోసిన కూరను ఆకు ఒక గిన్నెలోకి, కాడ ఒక గిన్నెలోకి వేరు చేస్తాం. మా ఇంట్లో ఆకు మగవాళ్లది. మిగిలితే మా అమ్మాయికీ నాకూ. కాడల పీచు పళ్లలో ఇరుక్కుంటుందని మావయ్య ఉన్నప్పుడు మొదలైన ఏర్పాటట. అందరి భోజనాలూ అయ్యాక వంటగట్టు దగ్గర నిలబడి అత్తయ్య ఆ కాడలు తినేవారు. "అమ్మకి కాడలంటే ప్రాణం" అని మా ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. పరామర్శకు వచ్చినవాళ్లు ఆ మాటే తలుచుకుని కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

కాడలు తరుగుతుంటే అత్తయ్య చెల్లెలు ఫోన్ చేసింది. మాటల్లో, మీ అక్కయ్యకిష్టమైన కాడలే వండుతున్నానన్నాను.

"కాడలా? అక్కకా? చిన్నప్పుడు కంచం కింద దాచి మా అమ్మ చేత తిట్లు తినేది కదే. దానికి ఆకు ఇష్టం. అదీ అంచులు కాస్త మాడితే మరీను."

ఫోన్ పెట్టేశాక కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాను. కోపం రాలేదు. తెలుసుకోవాలనిపించింది. ఎవరైనా అడిగితే ఇష్టమేనని ఆవిడ చెప్పారా, లేక ఎవరూ అడక్కుండానే అది ఇష్టమైపోయిందా? ఇన్నేళ్లు పక్కపక్కనే కూరలు తరిగాం. నా తలనొప్పి ఏ వైపు మొదలవుతుందో ఆవిడకు తెలుసు. ఆవిడ నాలుక సంగతి నాకు తెలియలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేరు. ఏం తలుచుకున్నా, ఆవిడ లేరన్న ఈ మాట దగ్గరకొచ్చి రోజూ ఆగిపోతున్నాను.

అంతలో అమ్మాయి ఇంటికొచ్చి గిన్నెలు చూసింది.

"కాడలు నాకుంచమ్మా."

"నీకిష్టమా?"

"ఏమో. నాన్నమ్మ లేదుగా, ఎవరో ఒకరు తినాలిగా."

చాలా మామూలుగా అంది. ఎప్పుడైనా రుచి చూశావా అంటే లేదంది. వేయించిన కాడ ముక్క ఒకటి దాని చేతిలో పెట్టి, ఒకటి నేను తిన్నాను. మట్టి వాసనంటూ ఉమ్మేసింది. ఆకును పెనం మీద అంచులు మాడేదాకా ఉంచి ఇస్తే మాత్రం ఇంకోటి అడిగింది. విచిత్రమేమిటంటే, నాకు కాడే నచ్చింది. ఇన్నాళ్లూ అదీ తెలియదు.

ఆకూ కాడా కలిపే వండాను. ముగ్గురం ఒకేసారి కూర్చున్నాం. మా ఆయన కాడలన్నీ ఏరి కంచం అంచున పేర్చి, కంచం నా వైపు జరిపారు.

"ఇక నువ్వే తినాలి. అలవాటైతే నీకూ ఇష్టమవుతాయిలే."

నేను మాట్లాడేలోగా అమ్మాయి చెయ్యి అటు వెళ్లింది. ఆ చేతిని పట్టుకుని ఆపాను.

"మరి ఇవెవరు తింటారు?" అన్నారాయన.

నాకు నచ్చిన కాడలు నా కంచంలోనే ఉన్నాయి. ఆయన ఏరిపెట్టినవి ఎవరు తింటారో నిజంగానే నాకు తెలియదు. కంచాన్ని ఆయన ముందుకే జరిపి, తెలుసుకుందామని చూస్తూ కూర్చున్నాను.