ఎర్ర ఊలు కట్టిన సీసా

చక్రం ఊచల్లో గాలి ఈల వేస్తోంది.

పొద్దున్నుంచీ అదే ఈల. పటగోనియాలో గాలికి వేరే పనేముంది... మనిషిని తోస్తుంది, సైకిల్ని తోస్తుంది, కళ్ళలో దుమ్ము కొడుతుంది. గులకరాళ్ళ దారి మీద హ్యాండిల్ వణుకుతోంది.

ఏటా ఈ దారిన తొక్కేటప్పుడు నా వెనక మా చెల్లెలు రమోనా ఉండేది. నా చాటున గాలి తప్పించుకుంటూ, పైగా నన్నే వెక్కిరిస్తూ.

ఈ ఏడు రమోనా లేదు. మెందోసా ఆసుపత్రిలో ఈ రోజే దాని గుండెకి ఆపరేషన్.

నా వెనక ఎవడో మగవాడు ఉన్నాడు.

నీలం చొక్కా. పాత సైకిల్. నేను ఆగితే ఆగుతాడు. నేను ఎక్కితే ఎక్కుతాడు. దగ్గరికి రాడు... దూరమూ పోడు.

ఎవడు వీడు?

మధ్యాహ్నం దారి పక్కన దిఫుంతా తల్లి గుడి వచ్చింది. ఎడారిలో దాహంతో ప్రాణం వదిలిన తల్లి. పోయాక కూడా ఆమె పాలు తాగి బిడ్డ బతికాడట. అందుకే ఈ దారిన పోయేవాళ్ళు ఆమె ముందు నీళ్ళ సీసా పెడతారు.

ఎండకి వెలిసిన సీసాల మధ్య నా నిండు సీసా పెట్టాను. దాని మెడకి ఎర్ర ఊలు కట్టాను — రమోనా అల్లిన టోపీలోంచి లాగిన పోగు.

అమ్మా, నా చెల్లెల్ని లేపి కూర్చోబెట్టు. ఈ నీళ్ళు నీవి.

మిగిలిన సీసాలో సగమే ఉంది. ముందున్న ఏరు దాకా చాలుతుందనుకున్నాను.

ఏరు ఎండిపోయింది.

పొద్దు వాలుతుండగా రోడ్డు కింది తూము పక్కన డేరా వేసుకున్నాను. మాతే టీ కాచుకోవడానికి నీళ్ళు లేవు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. నాలుక అట్టలా ఉంది. రొట్టె కోసే కత్తి ఒళ్ళో పెట్టుకున్నాను.

గులకరాళ్ళు కరకరమన్నాయి. వాడే.

“ఎంత తొక్కుతావక్కా. నీ చాటున కాస్త గాలి తప్పించుకుందామంటే అందవు.”

“నా వెనకే ఎందుకొస్తున్నావ్?”

“ఉన్న దారి ఒక్కటే కదా. ఎగిరి రమ్మంటావా?”

నేను నవ్వలేదు. వాడు సంచిలో చెయ్యి పెట్టాడు. నేను కత్తి పట్టుకున్నాను.

బయటికి వచ్చింది సీసా. మెడకి ఎర్ర ఊలు.

ఒళ్ళు మండింది. భయమూ వేసింది.

“తల్లి నీళ్ళు ఎత్తుకొచ్చావా?”

“దాహంతో పోయిన మనిషక్కా ఆమె. ఇంకొకళ్ళు అట్లా పోతుంటే చూస్తూ ఊరుకుంటుందా? ఏరు ఎండిందని నాకు తెలుసు. నీకు తెలీదు. అందుకే తెచ్చాను.”

“మరి సీసాలో నీళ్ళు తగ్గాయే?”

“నాకూ దాహమే కదా.”

తెలిసినవాడు గుడి దగ్గరే ఎందుకు చెప్పలేదు? చెబుతానంటే నేను ఆగేదాన్నా?

తాగితే మొక్కు తప్పినట్టే. తాగకపోతే రేపు ఊరు చేరను... రమోనా ఎలా ఉందో వినను.

వాడు అటు తిరిగి కూర్చున్నాడు. చూడకూడదనా? నేను తాగేదాకా కాచుకుందామనా?

ఒక్క గుక్క తాగాను. వెచ్చగా, ప్లాస్టిక్ వాసనతో ఉన్నాయి. ఏడుపొచ్చింది. ఇంకో గుక్క తాగాను.

అప్పుడు తెలిసింది —

ఊచల్లో ఈల లేదు.

ఇక్కడ గాలి ఆగదు. పొద్దు వాలినా ఆగదు. తల్లి నా మొర విన్నదా... మొక్కు తప్పానని అలిగిందా? వాడు కూడా తల తిప్పి నా సైకిల్ వంక చూశాడు.

సీసా ఒళ్ళో పెట్టుకుని, ఆ ఈల మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందా అని చెవులు రిక్కించి కూర్చున్నాను.