ఒట్టు పెట్టిన మనిషి

ఆ ఒట్టు పెట్టింది నేనే. మా అత్త కాదు, ఆడపడుచు కాదు, ఊళ్ళో వాళ్ళెవరూ కాదు. ఇరవై ఏళ్ళ కింద నా నోటితో నేనే పెట్టాను. ఆరోజే ఈ నోటికి జాడీకి కట్టినట్టు ఓ గుడ్డ కట్టి ఉంటే, ఇవాళ ఈ మాట చెప్పుకునే గతి నాకు పట్టేది కాదు.

మాది కడపలో ఊరగాయల అంగడి. మా ఆయన పేరు పెంచలయ్య. మొగుడి పేరు నోటితో చెప్పకూడదని మా అవ్వ అనేది. ఆయన పేరు ఆయనకే గుర్తులేని రోజులివి, నేను కూడా చెప్పకపోతే ఎవరు చెబుతారు?

అంగట్లో పన్నెండు జాడీలు. రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుని, కాఫీ చుక్క కూడా తాగకుండా, ఒక్కో జాడీకి గుడ్డ విప్పి ఉంగరపు వేలితో తీసి నాలుక మీద పెట్టుకునేవాడు. పరగడుపు నాలుక అబద్ధం చెప్పదని వాళ్ళ నాయన నేర్పిన పద్ధతి. "రత్నా, నిమ్మకాయలో గుప్పెడు ఉప్పు తక్కువైందే" అంటే తక్కువైనట్టే. పన్నెండు జాడీల ఉప్పూ కారమూ పొద్దున్నే ఖాళీ కడుపులోకి పోయేది. దాని మీద టిఫిను, టిఫినులోకి మళ్ళీ ఊరగాయ. అది తప్పని మాకెవరికీ తోచలేదు. తోచడానికి మాది ఊరగాయల ఇల్లు కదా!

ఆయనకు నలభై నాలుగేళ్ళప్పుడు మెడ వెనక బరువుగా ఉందని వీధి చివర డాక్టరు దగ్గరికి పోయి వచ్చాడు. వచ్చి వంటింటి గడప మీద కూర్చున్నాడు.

"బీపీ అంట రత్నా. దినామూ ఒక మాత్ర మింగాలంట, బతికినన్నాళ్ళూ. ఉప్పు తగ్గించాలంట."

అప్పుడు నేను ఏమనాలి? ఇల్లాలు అనాల్సిన మాట ఒకటుంటుంది కదా. నేనన్నది ఇది:

"మెల్లగా మాట్లాడయ్యా, అంగట్లోకి వినపడతాది."

మరి ఊరగాయ అమ్మేవాడికే ఊరగాయ పడలేదంటే మా జాడీల ముందు ఎవరు నిలబడతారు? తన సరుకు తిని తానే మంచాన పడ్డాడంట అని ఊరంతా టముకు వేయరా? నా భయం అది. అప్పటికి అది చాలా పెద్ద భయం.

ఆయన రెండు నెలలు దాచి దాచి మింగాడు. మాత్రల అట్ట బియ్యం డబ్బాలో ఉండేది. ఒకరోజు పక్కింటి తిరుపతమ్మ శేరు బియ్యం చేబదులుకు వచ్చింది. నేను డబ్బాలో చెయ్యి పెడితే బియ్యంతో పాటు అట్ట కూడా వచ్చింది. "ఎవరికక్కా ఈ బిళ్ళలు?" అంది. "నాకేలే, తలనొప్పి" అన్నాను. ఆమె అటు పోగానే ఆయన్ను అంగట్లోంచి లోపలికి పిలిచాను. ఆయన భోజనానికి వచ్చేదాకా ఆగలేకపోయాను.

"ఇప్పుడు మెడ నొప్పుందా?" అన్నాను.

"లే. మాత్రలతో పోయింది."

"పోయినదానికి మందెందుకు? నొప్పి లేకున్నా మింగేదానికి నీకేమన్నా పిచ్చా?"

ఆయన చెయ్యి లాక్కుని నా నెత్తిన పెట్టుకున్నాను. "నా మీద ఒట్టు. బీపీ అనే మాట నీ నోట్లోంచి రాగూడదు, ఆ మాత్ర నీ నోట్లోకి పోగూడదు. పోయిందంటే నేనుండను."

ఆయన నవ్వాడు. "ఇంత బిళ్ళకు అంత ఒట్టా రత్నా?" అన్నాడు. నవ్వాడే గానీ చెయ్యి వెంటనే తీయలేదు. తర్వాత ఆయనే లేచి పోయి అట్టను కాలువలో పడేసి వచ్చాడు. నన్ను అంత నమ్మిన మనిషి. పాపిష్టి ముండను, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

తర్వాత పదహారు, పదిహేడేళ్ళు ఏమీ కాలేదు. రాయిలా తిరిగాడు. కొడుకు సుదర్శన్‌కు పెళ్ళి చేశాడు, అంగడి పెంచాడు. "చూసినావా, డాక్టర్లు చెప్పేవన్నీ నమ్ముకుంటే అంతే" అని నేను చాలాసార్లు మురిసిపోయాను. లోపల ఏది ఎలా తరిగిపోతోందో బయటికి కనిపిస్తే ఎంత బాగుండేది!

మూడేళ్ళ కింద బయటపడింది. ఆ ఏడు ఆవకాయకని బనగానపల్లె దిక్కు నుంచి పుల్లకాయ తెప్పించాం. ఆయన ఉప్పు వేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, మళ్ళీ ఉప్పు వేశాడు. సుదర్శన్ రుచి చూసి ఊసేశాడు.

"నాయనా, రెండుసార్లు వేసినావా ఏంది?"

"నేనింకా ఎయ్యనే ల్యా కదరా" అని ఆయన వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. నాలుకకు తెలిసిపోయింది. ఎవరు వేశారో మాత్రం ఆయనకు తెలియలేదు. మా ఇద్దరి మొహాలూ చూసి, తప్పు చేసిన పిల్లాడి మాదిరి జాడీ పక్కన చతికిలబడి ఏడ్చాడు. నా మొగుడు ఏడవడం నేను చూడటం అదే మొదలు.

తర్వాత అంతా దిగుడే. పోయినేడు రైలు స్టేషనులో కూర్చుని, నలభై ఏళ్ళు తను కూర్చున్న అంగడికి దారి అడుగుతుంటే ఒక ఆటోవాడు గుర్తుపట్టి తెచ్చి దింపాడు. ఈ ఎండాకాలం నుంచి నన్ను "తల్లీ" అంటున్నాడు. మొదటిసారి అన్నప్పుడు వేళాకోళమనుకుని "చాల్లే సంబడం" అన్నాను. ఆయన బిత్తరపోయి చూశాడు.

కర్నూలులో పెద్ద డాక్టరమ్మ ఉందంటే సుదర్శన్, నేను ఆయన్ను తీసుకుపోయాం. ఆమె తలకాయ ఫోటో తీయించి, "బీపీ ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"మా నాయనకు బీపీ ల్యా డాక్టరమ్మా" అన్నాడు సుదర్శన్.

ఆమె ఆయన చేతికి బీపీ చూసే పట్టీ కట్టబోతే ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నాకేమీ లేదు, నాకేమీ లేదు" అని ఒకటే మాట. ఇద్దరు పట్టుకుంటే గానీ చూడటం కుదరలేదు. నేను చెప్పక తప్పలేదు. బియ్యం డబ్బా దగ్గర మొదలుపెట్టి కాలువ దాకా అన్నీ చెప్పాను. నా కొడుకు మొహం చూసే ధైర్యం లేక నేల చూస్తూ చెప్పాను.

"తలలో సన్న రక్తనాళాలు ఒకటొకటే మూసుకుపోయినాయమ్మా" అంది ఆమె. "ఇది నిన్న మొన్నటిది కాదు. ఆ వయసులో బీపీని అదుపులో పెట్టింటే ఇది రాకపోయిండచ్చు, వచ్చినా ఇంకా శానా ఏండ్లు ఆలస్యమయ్యేది. గుండెకు మంచిదేదో తలకూ అదే మంచిది. పోయింది నేను తెచ్చియ్యలేను. ఉండేదన్నా నిలవాలంటే ఈ మాత్ర దినామూ పోవాల." అని, "నీ చెయ్యి కూడా ఇటియ్యప్పా" అని సుదర్శన్‌కూ చూసింది. నలభై ఏళ్ళ నా కొడుక్కి వాళ్ళ నాయన బీపీనే వచ్చి కూర్చుంది.

తిరుగు బస్సులో వాడు మైదుకూరు దాకా వాళ్ళ నాయన చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. తర్వాత, "ఊర్లోవాళ్ళు ఏమనుకుంటారోననా అమ్మా?" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

మరుసటి రోజు వాడి మాత్రల అట్ట తీసుకుపోయి అంగట్లో అందరికంటే ముందుండే జాడీ మీద పెట్టాను. ఇప్పుడు జాడీల దగ్గర ఉప్పు చూసేది వాడే కాబట్టి, ఆ పనికి వేలు కాదు, చెంచా మొన చాలన్నాను. చూశాక ఊసేసి నోరు పుక్కిలించాలన్నాను. అప్పుడే తిరుపతమ్మ వచ్చింది. అట్ట చూసి, "ఏందక్కా ఇది?" అంది. ఇరవై ఏళ్ళ కింద అడిగినట్టే అడిగింది.

"బీపీ బిళ్ళలు. నా కొడుక్కి బీపీ ఉండాది. మా ఆయనకూ ఉండాది, ఇరవై ఏండ్లుగా. కొంటే కొను, లేకుంటే పో!" అని గట్టిగా అరిచాను. అంగడి ముందున్న వాళ్ళంతా తిరిగి చూశారు.

ఆమె వింతగా చూసింది. "అరుస్తావేందక్కా? మా ఇంటాయనకూ పదైదేండ్ల నుంచి ఉండాది. మాత్ర మింగి కొంచెం కొంచెం నాకుతాడు. పావు కేజీ నిమ్మకాయ ఇయ్యి."

అంతే. ఆ పావు కేజీ తూచి ఇచ్చాను. ఇంత మాటకా నేను నా మొగుణ్ణి పోగొట్టుకున్నది!

కొడుకు మింగుతున్నాడు. తండ్రి దగ్గరే పని కావడం లేదు. పది రోజులుగా చూస్తున్నాను. అరటిపండులో పెట్టాను, బెల్లంలో పెట్టాను, చివరికి పొడి చేసి పెరుగన్నంలో కలిపాను. ఎందులో పెట్టినా ఆ నాలుక పట్టేస్తుంది. నా పేరు మరిచిపోయిన మనిషి చిటికెడు పొడిని మరిచిపోడు. తుపుక్కున ఊసేసి పళ్ళు బిగిస్తాడు. మాత్ర పోని ప్రతిరోజూ ఇంకాస్త మనిషి నా చేతుల్లోంచి జారిపోతున్నట్టే ఉంది.

ఈ పొద్దున ఓపిక పోయింది. "ఎందుకయ్యా మింగవు? చెప్పు, ఎందుకు?" అని అరిచి, అరిచినందుకు నేనే ఏడ్చాను.

ఆయనకు జాలేసినట్టుంది. అటూ ఇటూ చూసి నా చెవి దగ్గరికి వంగాడు.

"ఎవరితోనూ అనొద్దు తల్లీ. మా రత్నం ఒట్టు పెట్టింది. ఆ మాత్ర మింగితే ఆమె సచ్చిపోతాది."

ఆయన చెయ్యి పట్టుకుని, ఆరోజు పెట్టుకున్నట్టే నా నెత్తిన పెట్టుకున్నాను.

"ఒట్టు తీసి గట్టున పెట్టినా. నేనే తీసేసినా. నీ కాళ్ళు మొక్కుతా, మింగు."

ఆయన చెయ్యి లాక్కున్నాడు. కోపం లేదు, పెద్దవాడు చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"నువ్వు తీస్తే పోతాదా? పెట్టినామె రావాల తీసేదానికి."

"ఆమె యాడికి పోయింది?"

"యాడికీ పోల్యా. లోపల జాడీలకు గుడ్డలు కడతాంటాది. నోరు పెద్దది గానీ, నేనంటే పాణం ఆమెకు." మంచం మీద కాస్త పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. "కూసో తల్లీ. ఇప్పుడే వస్తాది. వచ్చి తీసేస్తానే మింగుతా."

మాత్ర నా అరచేతి చెమటకు మెత్తబడుతోంది. ఆయన వాకిలి వైపు చూస్తున్నాడు. నేనూ పక్కనే కూర్చుని ఆ వాకిలి వైపే చూస్తున్నాను.