పిచ్చుకల డబ్బా

దేవకుమారి భర్త జేమ్స్ మీద లోకంలో ఎవరికీ ఫిర్యాదు లేదు. అదే ఆమె ఫిర్యాదు. తాగడు, అరవడు, ఆదివారం అందరికంటే ముందు చర్చికి వెళ్లి కుర్చీలు వేస్తాడు. ఒక్కటే లోపం: దేన్నయినా నింపుతాడు, ఖాళీ చేసి కడగడు. మంచినీళ్ల క్యాను, పచ్చడి జాడీ, ఇప్పుడు పిచ్చుకల డబ్బా. పాతది అడుగున ఉండగానే కొత్తది పైన పోస్తాడు. పెళ్లయిన దగ్గర్నుంచి అడుగులు గోకే ఉద్యోగం ఆమెది. జీతం లేదు, రిటైర్మెంటూ లేదు.

ఆ ఉదయమూ ఆమె ఆ ఉద్యోగంలోనే ఉంది. తాడేపల్లిగూడెంలో వారంగా ముసురు. జామకొమ్మకు వేలాడే ప్లాస్టిక్ డబ్బాను దించి చెంచా కాడతో గోకింది. నూకలు ముద్దకట్టి, నల్లగా బూజు పట్టి, పులిసిన కంపు కొడుతున్నాయి. అంచుల మీద రెట్టలు అట్టకట్టాయి. గోకిన ముద్దను కొబ్బరిచిప్పలో వేసింది. డబ్బాను బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, తోమి, మంచినీళ్లతో కడిగి, వరండాలో ఫ్యాను కింద బోర్లించింది.

"ఏవండీ, పూర్తిగా ఆరేదాకా దాన్ని ముట్టుకోకండి. ఆరాక గుప్పెడు పోస్తే చాలు. మిగిలింది సాయంత్రం తీసేస్తాను."

"అలాగేలే," అన్నాడు జేమ్స్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఆమె స్నానం చేసి వచ్చేసరికి డబ్బా మళ్లీ కొమ్మకు వేలాడుతోంది. లోపల ఇంకా తడి. నూకలు అంచుదాకా. జేమ్స్ స్కూటరు సందు మలుపు దాటిపోయింది.

పక్కింటి రామలక్ష్మి గోడ మీదుగా తొంగిచూసింది. "వదినగారూ, అన్నయ్యగారిది ఎంత జాలిగుండెండీ! పిచ్చుకలకి పోసిగానీ డ్యూటీకి వెళ్లరు."

దేవకుమారి నవ్వింది. పళ్లు మాత్రమే నవ్వాయి.

ఇదివరకు వరండా చూరుకు ఆమె కట్టిన వరికంకుల కుచ్చు వేలాడేది. గింజ పొట్టులోనే ఉండేది, తడిసినా గాలికి ఆరేది. జేమ్స్ దాన్ని పాతకాలపు పద్ధతని పీకేసి, ఫోనులో చూసి ఈ డబ్బా తెప్పించాడు. ఆయన రైస్ మిల్లులో ధాన్యం పరీక్షించే మనిషి. గింజ కొరికి, వాసన చూసి, తేమ ఉంటే ట్రాక్టరును గేటు దగ్గరే వెనక్కి పంపేస్తాడు. ఆ ముక్కు ఇంటికొస్తే పని చెయ్యదు.

డబ్బాను మళ్లీ దించింది. అప్పుడే చూసింది, గోడ మీద ఆడపిచ్చుకను. మీటరు పెట్టె మీద గూడు కడుతున్నది అదే. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసి కూర్చుంది. దగ్గరికి వెళ్లినా ఎగరలేదు. మధ్యాహ్నం జల్లు వెలిశాక వచ్చి చూస్తే గోడ కింద పక్కకు ఒరిగి ఉంది. కాగితంతో తీసి జామచెట్టు కింద పూడ్చింది. సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుంది. మగపిచ్చుక మీటరు పెట్టె మీద అరుస్తూనే ఉంది.

సాయంత్రం జేమ్స్ కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. ఆమె స్టీలు పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. మసక వెలుతురులో ఉప్పుపిండి అనుకుని చెయ్యి పెట్టబోయి, కంపు తగిలి ఆగాడు. అలవాటుగా ఒక గింజను గోటితో నొక్కి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఛీ! ఎవరి సరుకే ఇది? మా గేటు కూడా దాటనివ్వం."

"మీ సరుకేనండి. పొద్దున్న డబ్బా అడుగున గోకాను."

జేమ్స్ గింజను పళ్లెంలో పడేసి వేళ్లు తుడుచుకున్నాడు.

"పిచ్చుకకి గేటు లేదండి. తినేసింది. జామచెట్టు కింద ఉంది, వెళ్లి చూసుకోండి."

ఆయన వెళ్లి తడిమట్టి ముందు నిలబడ్డాడు. మగపిచ్చుక అరుపు ఆగలేదు.

"తప్పు నాదే దేవీ. నువ్వు చెప్తూనే ఉన్నావు," అన్నాడు, గోడవతల రామలక్ష్మికి వినబడేంత గట్టిగా.

దేవకుమారి కోపం తగ్గలేదు. తోమే బ్రష్షు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

మీటరు పెట్టె మీద, సగం కట్టిన గూట్లోంచి పాత కుచ్చు తాలూకు వరిగడ్డి పోచ ఒకటి వేలాడుతోంది.