ఆరంకెల మీటరు

పొద్దున అయిదుంబావుకు మదనపల్లె బస్టాండులో గోవిందస్వామి తడిగుడ్డతో బస్సు ముందద్దం తుడిచి, మీటరు చూసుకున్నాడు. కుప్పం చేరేలోపు 8,57,142 పడుతుంది.

డెబ్బై రెండులో, మీటరు 1,42,857 చూపిస్తున్నప్పుడు, ఇంజను పక్కనున్న పొడుగు సీటు మీద అతని భార్య చెంగమ్మ చనిపోయింది. జ్వరంతో కుప్పంలోని పుట్టింటికి బయలుదేరిన మనిషి. ఆ సీటు మీద ఆమెతోపాటు ఇంకో అయిదుగురున్నారు.

రెండేళ్ళు తిరిగాక మీటరు దానికి సరిగ్గా రెట్టింపయింది. 2,85,714. అంకెలు అవే, ఒకదాని వెనక ఒకటి వచ్చే తీరూ అదే, మొదలు మాత్రం వేరు. ఆ కిలోమీటరులో సీటు మీద ఆ ఆరుగురే ఉన్నారు, మొదటి ఇద్దరూ చివరికి జరిగి. చెంగమ్మతో సహా. కిలోమీటరు తిరగ్గానే ఆమె లేదు. మూడింతలకూ, నాలుగింతలకూ, అయిదింతలకూ అంతే. జనం కాళ్ళు ముడుచుకుని ఆమెకు చోటిచ్చేవాళ్ళు. కండక్టరు మునిరాజు టిక్కెట్టు కొట్టేవాడు.

పుంగనూరులో యశోదమ్మ టీచరు ఎక్కింది. ఆ అయిదుగురిలో ఒకరు.

"ఇదే కడాసారి గదా టీచరమ్మా?" అన్నాడు గోవిందస్వామి.

"అవునప్పా. ఇది ఆరింతలు. మొదటి అంకెను ఏడుతో గుణిస్తే అన్నీ తొమ్మిదులే. దాంట్లో మేమెవురమూ లేము."

పలమనేరు దాటాక అంకె పడింది. చెంగమ్మ ఆ అయిదుగురి నడుమ కూర్చుని కొంగు సర్దుకుంటోంది.

"గడ్డం గీసుకునేదానికి గూడా తీరలేదా నీకు?" అంది.

గోవిందస్వామి బస్సు పక్కకు ఆపి, మీటరు వెనక చెయ్యి పెట్టి కేబులు విప్పేశాడు. తిరిగిన దూరం ఓనరుకు తెలియకూడదంటే డ్రైవర్లు చేసే పనే. బస్సు కదిలింది. అంకె కదల్లేదు. చెంగమ్మా పోలేదు.

కుప్పంలో అందరూ దిగారు. పొడుగు సీటు మీదివాళ్ళు మాత్రం లేవలేకపోయారు.

"సీటుకు బంక పూసినావా ఏందన్నా?" అన్నాడు మునిరాజు.

యశోదమ్మ నవ్వలేదు. "మాయమ్మ పక్షవాతంతో పడుండాది. సాయంత్రానికి నేను పోయి అన్నం పెట్టకుంటే పస్తే. తగిలించప్పా. తొమ్మిదులు అయినాక మీటరు సున్నాలకొస్తాది. ఆడినుంచి మళ్ళా మొదటి అంకె. చెంగమ్మ మళ్ళా వస్తాది."

అతను భార్య వైపు తిరిగాడు. "వస్తావా?"

"నన్నడిగితే? నీ మీటరునడుగు. ముందు వాళ్ళను దిగనీ."

కేబులు తగిలించాడు. తొందరలో మర వంకరగా ఎక్కింది. బలంగా బిగించి, బస్సును స్టాండు చుట్టూ తిప్పాడు. మీటరు లోపల ఏదో పటుక్కుమంది. చివరి అంకె రెండు నుంచి మూడుకు జరిగి అక్కడే ఆగిపోయింది. సీటు మీద నుంచి అయిదుగురు లేచి దిగారు.

బస్సు షెడ్డుకు పోయింది. కొన్ని రోజుల తర్వాత డ్యూటీకి వచ్చినప్పుడు గోవిందస్వామికి తెలిసింది, కొత్త మీటరు బిగించారని, దానికి అయిదు అంకెలే పడతాయని.