సిమెంటు మామ గోడ

ఆ వీధిలో సగం ఇళ్ళ పునాదులు కోట రాళ్ళే. వందల ఏళ్ళు శత్రువులకి లొంగని కోట, చివరికి కొత్త కాపురాలకి లొంగిపోయింది. పడమటి గోడ ఒక్కటైనా మిగిలిందంటే అది ఒక తాపీమేస్త్రి చలవే. వెనకటికి ఓ తుఫానుకి ఆ గోడ నిలువునా పగుళ్ళిచ్చింది. రాళ్ళు ఎప్పుడు రాలతాయా, ఎప్పుడు ఎత్తుకుపోదామా అని జనం బళ్ళు పెట్టుకుని కాచుకున్నారు. ఆయన మాత్రం ఇల్లిల్లూ తిరిగి సిమెంటు అడుక్కొచ్చి పగుళ్ళన్నీ పూడ్చేశాడు. ఆనాటి నుంచి అందరికీ ఆయన సిమెంటు మామ అయిపోయాడు.

ఇన్నాళ్ళకి ఆ గోడ బాగుచేసే పని ఆయన కోడలి చేతికి వచ్చింది. పెళ్ళైన కొత్తలో, వంట ఎలాగూ మావాడు చేస్తాడు, నువ్వు తాపీ పట్టమ్మా అని ఆమెకి పని నేర్పింది ఆయనే. తర్వాత ఆమె పాత కట్టడాల సున్నం పని కూడా నేర్చుకుంది. తీరా గోడ తట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. సున్నమైతే, గోడ తాగిన నీటిని తనే బయటికి వదిలేస్తుంది. మామగారి సిమెంటు ఆ దారి మూసేసింది. తడి లోపలే నిలిచి గోడ పొట్ట ఉబ్బింది. వానలొచ్చేలోగా సిమెంటు ఊడదీసి సున్నం పెట్టకపోతే గోడ కూలడం ఖాయం.

ఆ మాట ఆయనకి చెప్పేదెలా? ఆ పెద్దాయన జన్మంతా చెప్పుకునే ఘనకార్యం అదొక్కటే. అడకత్తెరలో పోకచెక్కలా నలిగి, నానా డొంకతిరుగుళ్ళూ తిరిగి, చివరికి అన్నాల దగ్గర చెప్పేసింది.

ఆయన కంచం పక్కకి జరిపాడు. "ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం పెట్టేవాళ్ళని చూశాను. నువ్వు నా రెండు కళ్ళలోనూ సున్నమే పెట్టావమ్మా" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆమెకి ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి, ఆయన పాత ఉలీ సుత్తీ పట్టుకుని గోడ దగ్గర అప్పటికే పనిలో ఉన్నాడు. రాయికి దెబ్బ తగలకుండా సిమెంటు పెచ్చులు ఊడదీస్తున్నాడు. నేను వేసింది నేనే తీస్తాను అన్నాడు, తల తిప్పకుండానే. ఆమె పక్కన కూర్చుని, రాలిన పెచ్చులు ఏరసాగింది.

"ఆనాడు మీరు సిమెంటు పెట్టకపోతే, ఇవాళ నేను సున్నం పెట్టడానికి గోడే ఉండేది కాదు మామయ్యా. ఈ గోడా మీ చలవే, నా చేతిలో తాపీ కూడా మీ చలవే."

ఆయన ఉలి పక్కన పెట్టి, ఆమె నెలల తరబడి తొట్టిలో నానబెట్టి మగ్గించిన సున్నం దగ్గరికి వెళ్ళాడు. తాపీతో కాస్త తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. మెత్తగా ఉంది, కానీ జారలేదు. తను ఇప్పుడే తవ్విన పగులులో దాన్ని నింపి, తాపీతో నిమిరాడు.

"సున్నం పెట్టావనుకున్నాను" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఇది వెన్నేనమ్మా."